మూడు మిల్లీమీటర్లు

హెడ్లీ ప్రైక్ పడవ వెనక పలక
మూడు మిల్లీమీటర్లు వెడల్పెక్కువ.
నాకు తెలుసు. టేపు నా చేతిలోనే ఉంది.
వంటింటి కిటికీ చట్రంతో సహా ఊడబెరికి
బయటికి తెచ్చిన పడవ అది.
వాళ్ళావిడ ఇంకా మాట్లాడటం లేదన్నాడు.
సరిపోయిందని రాసి సంతకం పెట్టాను.

అప్పట్లో టర్న్‌స్టోన్ అంటే
ప్లైవుడ్డూ, జిగురూ, రెండు చలికాలాలూ.
బ్రైట్‌లింగ్‌సీలో పోటుకి నీళ్ళు, ఆటుకి బురద.
మధ్యలో చిక్కిన నాలుగు గంటల్లోనే
పందెం, తగువు, రాజీ, టీ
అన్నీ అయిపోవాలి.
ఆదివారం నలభై తెరచాపలు లేచేవి.
మావిస్ థర్గుడ్‌కి అరవై రెండు, చుక్కాని ఆవిడది.
ముందు తాడు మనవడిది.
ఇద్దరి బరువూ కలిపి ఎంతని
ఎవరడిగారు గనక?

ఆ పడవని ఒలింపిక్స్‌కి తీసుకుంటామని
ఉత్తరం వచ్చింది.
చర్చి హాల్లో ఓటింగు పెట్టాం.
నడమంత్రపు సిరి అని నాలిక చివరిదాకా వచ్చింది,
ఆ మాటని వాళ్ళ భాషలో ఏమనాలో తోచక
ఊరుకున్నాను.
ఊరుకున్నవాణ్ణి ఊరుకోక చెయ్యెత్తాను.
హెడ్లీ చెయ్యి ఒళ్ళోనే ఉండిపోయింది.

నాలుగు పేజీల నిబంధనలు తొంభై ఆరయ్యాయి.
కర్ర స్తంభం పోయి కార్బన్ స్తంభం వచ్చింది,
దాని ఒక్కదాని ధరకి నా కారొస్తుంది.
నా టేపు పనికిరాదని
లేజర్ పెట్టెతో ఒక కుర్రాణ్ణి పంపారు.
పడవ తోలేవాళ్ళు అన్నం మెతుకులు లెక్కపెట్టి తింటున్నారు,
జంట బరువు కిలో అటైనా ఇటైనా
గాలి ఒప్పుకోదట.
మావిస్ తన పడవని తిరగేసి
టార్పాలిన్ కప్పింది.
కోపంగా కాదు. దుప్పటి కప్పినట్టు.

గెలిచేవాళ్ళు ఇక్కడికి రాలేదు.
మా అలలు సరైనవి కావట, మా గాలి గజిబిజట.
నలభై తొమ్మిదైంది, తొమ్మిది నాలుగైంది.
కొన్ని ఆదివారాలు పందెం మొదలు పెట్టే కూత
నేనే వేసి నేనే విన్నాను.

అయినా ఆ ఫైనల్ నాడు
తెల్లవారుజామున నాలుగింటికి క్లబ్బు నిండిపోయింది.
టీవీలో ఎక్కడివో నీలి నీళ్ళు,
తెరచాప మీద మావిస్ ఎప్పుడో
టీ గుడ్డ మీద గీసిన పిట్ట.
మా పిట్ట!
హెడ్లీ ముక్కు చీదుకున్నాడు.
జలుబన్నాడు. ఆగస్టులో.

ఎనిమిదేళ్ళకి ఇంకో ఉత్తరం, రెండే వాక్యాలు.
వేరే పడవ దొరికిందట, ఇంకా వేగమైంది,
టీవీకి బాగుంటుందట.
ఏరు దాటాక తెప్ప తగలేస్తారంటారు.
వీళ్ళు తగలెయ్యలేదు,
అమ్మకానికి పెట్టారు.
కార్లతో పోటీపడ్డ పడవలు
పాత సైకిళ్ళ ధరకి దిగాయి.

ఇమొజెన్‌కి పదిహేడు. చేపల దుకాణంలో పని.
జీతం కూడబెట్టి ఒకటి కొనుక్కొచ్చింది.
తెరచాప మీద ఏదో దేశం అక్షరాలు
పీకేసినా మచ్చలా కనపడుతున్నాయి.
అడుగున పగులుకి తనే రెసిన్ పూసుకుంది,
వంకరగా, మందంగా.
కాటా మీద నాలుగు కిలోలు ఎక్కువ తూగింది.
ఎక్కువైతే తప్పు కాదమ్మా,
వెనకబడతావంతే, అన్నాను.
వెనక ఎవరెవరుంటారు? అంది.

వెనక పలక కొలిచాను.
వెంట్రుకవాసి తేడా లేదు.
ఇంత సరిగ్గా ఉన్నదాన్ని కొలిచి
ఎన్నేళ్ళయిందో.

టేపు చుట్టేస్తుంటే హెడ్లీ
తన ప్లైవుడ్ పడవని బండి మీద
ఈడ్చుకుంటూ వచ్చి పక్కన ఆపాడు.
'నాది కూడా ఇంకోసారి చూడు,' అన్నాడు.
'వెనక పలక.'

అంటే ఇన్నాళ్ళూ వాడికీ తెలుసు.

పోటు మొదలై బురద మీద నీళ్ళు
సన్నగా పాకుతున్నాయి.
టేపు రెండో కొస
వాడి చేతికే ఇచ్చాను.